రొయ్య పొట్టుతో చర్మానికి పరంజా!



గత నెల ఎనిమిదో తరగతిలో చర్మం గురించి చెబుతుంటే ఒక బాబు లేచాడు. "మా నాన్నకి చెయ్యి కాలింది మేడమ్. తొడ మీద చర్మం తీసి అతికించారు. ఇప్పుడు రెండు చోట్లా నొప్పే. కొత్త చర్మం తయారు చెయ్యలేరా?" ఆ రోజు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇది.

మేడ కట్టేటప్పుడు సరుగుడు కర్రలతో పరంజా కడతాం కదా! లోతుగా కాలినచోట కొత్త కణాలు పాకి నిలబడడానికీ అలాంటి ఆధారం కావాలి. పని అయ్యాక అది మెల్లగా కరిగిపోవాలి. దాన్నే స్కాఫోల్డ్ అంటారు. దాన్ని పాలిమర్లతో, అంటే గొలుసుల్లాంటి పొడవాటి అణువులతో చేస్తారు.

అలాంటి ఒక పాలిమర్ మన ఫిషింగ్ హార్బర్ దగ్గర కనిపించే రొయ్య పొట్టులోనే ఉంది. పొట్టులోని ఖనిజాలను ఆమ్లంతో, ప్రోటీన్లను క్షారంతో తీసేస్తే కైటిన్ మిగులుతుంది. దాన్ని గాఢమైన క్షారంలో వేడిచేస్తే కైటోసాన్ వస్తుంది. విశాఖలోనూ కేంద్రం ఉన్న సిఫ్ట్ (కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ) కైటోసాన్ మీద పనిచేసింది.

మరి రంధ్రాలు ఎలా వస్తాయి? కైటోసాన్‌ను వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంలో, బాగా పలచన చేసి, కరిగిస్తారు. అచ్చులో పోసి గడ్డకట్టిస్తారు. లోపల మంచు స్ఫటికాలు ఏర్పడతాయి. గాలి తీసేసిన గదిలో పెడితే, కర్పూరంలాగే మంచు కరగకుండా నేరుగా ఆవిరైపోతుంది. మంచు ఉన్నచోటల్లా ఖాళీ మిగులుతుంది. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద రంధ్రాలు, వేగంగా గడ్డకడితే చిన్నవి వస్తాయి. రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. లేకపోతే కణాలు, ఆక్సిజన్, రక్తనాళాలు లోపలికి వెళ్లలేవు.

ఈ పద్ధతిలోనే అమెరికాలో యానస్ అనే శాస్త్రవేత్త, బర్క్ అనే సర్జన్ కలిసి, కైటోసాన్‌కు బదులు కొలాజెన్‌తో స్కాఫోల్డ్ చేశారు. 1996లో అక్కడి ప్రభుత్వ అనుమతి వచ్చింది. దాని ఆధారంగా చర్మం లోపలి పొర పెరుగుతుంది. పై పొరకు మాత్రం రోగి చర్మాన్నే చాలా పలచగా తీసి వేయాలి. కాబట్టి ఆ బాబుకు నా జవాబు: "సగం చేయగలిగారు నాన్నా. మిగతా సగం మీ తరం కోసం ఉంది."

ఇంట్లో చేయండి: పులిసిన పిండితో ఒక ఇడ్లీ, పులియని పిండితో ఒక ఇడ్లీ వేయండి. చల్లారాక రెండింటి మీదా నాలుగు చుక్కలు పసుపు నీళ్లు వేసి, ఐదు నిమిషాలకు మధ్యకు కోయండి. పసుపు దేనిలో లోతుగా దిగింది? ఎందుకు? కోసే ముందే పిల్లలను ఊహించమనండి. వాళ్ల జవాబును వాళ్ల మాటల్లోనే డైరీలో రాయించి పంపండి. తప్పయినా పర్వాలేదు, దిద్దకండి.