గడ్డకట్టే చలిలో డీజిల్ కారు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఉద్యోగరీత్యా లేహ్‌లో ఉంటున్నాను. డిసెంబరు వస్తే చాలు, పొద్దున్నే మా డీజిల్ కారు ఒక పట్టాన స్టార్ట్ కాదు. పెట్రోలు బండ్లకు ఇంత ఇబ్బంది లేదు. ఎందుకండీ?
- ఒక పాఠకుడు, లేహ్

జవాబు: పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్ నిప్పందిస్తుంది. డీజిల్ ఇంజనులో అది ఉండదు. పిస్టన్ గాలిని బలంగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇంజను చల్లగా ఉంటే ఆ వేడిలో చాలా భాగాన్ని చుట్టూ ఉన్న లోహమే లాగేసుకుంటుంది. ఈ లోటు తీర్చడానికే హీటర్ ప్లగ్‌లు ఉన్నాయి. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద మెలికల తీగ గుర్తు వెలుగుతుంది కదా, అది ఆరేదాకా సెల్ఫ్ కొట్టకండి. చలి మరీ ఎక్కువగా ఉంటే తాళం వెనక్కి తిప్పి, మళ్లీ వేసి, ఇంకోసారి వేడెక్కనివ్వండి.

లైట్లు, బ్లోయర్ ఆపేయండి. క్లచ్ పూర్తిగా తొక్కితే గేర్‌బాక్సులో చిక్కబడిన ఆయిల్‌ను తిప్పే భారం సెల్ఫ్ మోటారు మీద పడదు. ఒక్కో విడత పది సెకన్లు దాటకుండా సెల్ఫ్ కొట్టి, కాకపోతే ఒక నిమిషం ఆగండి. స్టార్ట్ అయ్యాక రేజ్ చేయవద్దు, టర్బోకు ఆయిల్ అందనివ్వండి. కాసేపాగి నెమ్మదిగా బయల్దేరండి. మూసి ఉన్న షెడ్డులో మాత్రం ఇంజను నడవనివ్వకండి. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: జనవరిలో హైదరాబాద్ నుంచి కారులో స్పితి లోయకు వెళ్దామనుకుంటున్నాం. అక్కడ డీజిల్ గడ్డకడుతుందట. కిరోసిన్ కలపమని ఒకరు, ట్యాంకు కింద మంట పెట్టాలని ఒకరు చెబుతున్నారు.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండూ చేయకండమ్మా. మంట పెడితే కారే కాదు, పక్కనున్న మనుషులూ కాలిపోతారు. కిరోసిన్‌కు జిగురు తక్కువ. ఇప్పటి కార్లలోని హైప్రెషర్ పంపుకు డీజిలే కందెన, కిరోసిన్ కలిస్తే పంపు అరిగిపోతుంది.

డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. చలికి అది పలుకులు కట్టి ఫిల్టరును మూసేస్తుంది. అందుకే బండి స్టార్ట్ అయినట్టే అయి ఆగిపోతుంది. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో శీతాకాలపు డీజిల్ తెచ్చింది. అది మైనస్ 33 డిగ్రీల దాకా పారే గుణం కోల్పోదు. మైదానాల్లో నింపిన డీజిల్‌కు ఆ శక్తి లేదు. కాబట్టి కొండల్లోకి వెళ్లేముందు ట్యాంకు తగ్గించుకుని, చలికాలపు డీజిల్ ఉందా అని దారిలోని బంకుల్లో అడిగి నింపించుకోండి. దొరకకపోతే గడ్డకట్టకుండా చేసే యాంటీ జెల్ మందును ముందుగానే కలపండి. మైనం కట్టాక పోస్తే పెద్దగా ఫలితం ఉండదు. బయల్దేరేముందు ఫిల్టరులో చేరిన నీళ్లు తీయించండి. రాత్రి చలికి అవి గడ్డకడితే డీజిల్ దారి మూసుకుపోతుంది. కూలెంట్‌లో ఉత్త నీళ్లు ఉంటే ఇంజను బ్లాకే పగలవచ్చు. యాంటీఫ్రీజ్, నీళ్లు సగం సగం ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: మాది చింతపల్లి. లంబసింగి వైపు చలికి మా పాత డీజిల్ కారు పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితేగానీ స్టార్ట్ కాదు. తెల్లటి పొగ కూడా వస్తోంది. ఈథర్ స్ప్రే కొట్టవచ్చా?
- ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: వద్దండి. వేడెక్కిన హీటర్ ప్లగ్ మీద ఈథర్ పడితే వేళ కాని వేళ భగ్గున మండి పిస్టన్‌ను, ప్లగ్‌లను విరగ్గొట్టగలదు. మీ ప్రాంతపు చలికి డీజిల్‌ను అనుమానించాల్సిన అవసరం తక్కువ. తెల్లటి పొగంటే డీజిల్ సిలిండరుకు అందుతోంది, కాలడం లేదన్నమాట. ముందు హీటర్ ప్లగ్‌లను, వాటి రిలేను మెకానిక్‌తో మీటరు పెట్టించి చూపించండి. ఒకటి పోయి ఉంటే మిగతావీ అదే వయసువి కాబట్టి సెట్టు మొత్తం మార్చడం మేలు. తర్వాత బ్యాటరీ. చలికి దాని బలం తగ్గుతుంది, ఆయిల్ చిక్కబడి ఇంజను మరింత బరువుగా తిరుగుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ పదికంటే బాగా దిగిపోతుంటే బ్యాటరీని, టెర్మినల్స్‌ను పరీక్షించాలి. ఈ రెండూ బాగున్నా పొగ తగ్గకపోతే అప్పుడు ఇంజెక్టర్లు, కంప్రెషన్ చూపించండి. ఈ వరుసలో వెళితే అనవసరంగా ఇంజను విప్పించే ఖర్చు తప్పుతుంది.