నానోట్యూబ్‌ల ల్యాబ్‌కు దారి ఇదీ!

బ్యాటరీలు, గ్యాస్ సెన్సర్లు, సూపర్ కెపాసిటర్లపై పరిశోధనలు చేసే ల్యాబుల్లో కార్బన్ నానోట్యూబ్‌లు (కార్బన్‌తో ఏర్పడిన అతి సన్నని గొట్టాలు) బాగా పరిచితం. జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా 1991లో వీటి నిర్మాణాన్ని వివరించాక శాస్త్రలోకం దృష్టి ఇటు మళ్లింది. టిన్ ఆక్సైడ్, మాంగనీస్ డయాక్సైడ్ లాంటి లోహ ఆక్సైడ్‌లలో విద్యుత్ వాహకత తక్కువ. నానోట్యూబ్‌లను జోడిస్తే ఆ లోటు తగ్గుతుంది. చిక్కల్లా ఈ రెండూ తేలిగ్గా అతుక్కోకపోవడమే. అక్కడే కెమిస్ట్రీ విద్యార్థికి పని దొరుకుతుంది.

పనేమిటి?

శుద్ధి చేయని నానోట్యూబ్‌లు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి. నీటిలో సరిగా కలవవు. అందుకే గాఢ సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలను సాధారణంగా 3:1 పాళ్లలో కలిపి, వాటితో శుద్ధి చేస్తారు. దాంతో ఉపరితలంపై కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ సమూహాలు ఏర్పడతాయి. ఇవి లోహ అయాన్లను పట్టి ఉంచుతాయి. ఆ తర్వాత సోల్-జెల్ లేదా హైడ్రోథర్మల్ పద్ధతిలో ఆక్సైడ్‌ను ట్యూబ్ మీదే ఏర్పరుస్తారు.

ఆమ్ల చర్య మోతాదు మించితే ట్యూబ్‌లు తెగిపోతాయి, వాహకత పడిపోతుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే ఇక్కడ అసలు నైపుణ్యం. రామన్ స్పెక్ట్రమ్‌లో జి బ్యాండ్‌తో పోలిస్తే డి బ్యాండ్ తీవ్రత పెరిగిందంటే లోపాలు పెరిగినట్టే. నిర్మాణం చెడకూడదనుకుంటే ఆమ్లానికి బదులు సర్ఫాక్టెంట్లు వాడతారు.

ఏం చదవాలి?

బీఎస్సీ కెమిస్ట్రీ, ఫిజిక్స్ విద్యార్థులు జామ్ రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయొచ్చు. తెలంగాణలో సీపీగెట్, ఏపీలో పీజీసెట్ ద్వారా రాష్ట్ర యూనివర్సిటీల్లో చేరొచ్చు. మెటలర్జీ, కెమికల్ ఇంజినీరింగ్‌లో బీటెక్ చేసినవారికి గేట్‌తో ఎంటెక్ మార్గముంది. పీహెచ్‌డీ లక్ష్యమైతే సీఎస్‌ఐఆర్ నెట్ రాయొచ్చు. అందులో ఎంపికైతే ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000 అయింది.

ఎక్కడ ప్రయత్నించాలి?

హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ, ఐఐసీటీ పరిశోధన సంస్థలు, సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ, వరంగల్‌లో ఎన్‌ఐటీ ఉన్నాయి. వీటి వెబ్‌సైట్లలో ప్రాజెక్టు అసిస్టెంట్, జేఆర్‌ఎఫ్, ఇంటర్న్‌షిప్ ప్రకటనలను తరచూ చూస్తుండాలి. బ్యాటరీ మెటీరియల్స్, కోటింగ్స్ కంపెనీల ఆర్‌అండ్‌డీ విభాగాలకూ ఈ అనుభవం పనికొస్తుంది.

ఇంటర్వ్యూలో నిలవాలంటే...

పరికరాల పేర్లు అప్పజెబితే చాలదు. ఎక్స్‌ఆర్‌డీ, ఎఫ్‌టీఐఆర్, రామన్ గ్రాఫ్ ముందు పెడితే ఏ పీక్ దేనిదో చెప్పగలగాలి. ఫ్యూమ్ హుడ్‌లో ఆమ్లాలతో, మాస్కు ధరించి నానో పౌడర్లతో పనిచేసే క్రమశిక్షణా ఉండాలి. పీజీ ప్రాజెక్టును ఎక్కడో కొనుక్కోకుండా సొంతంగా చేయండి. ఇంటర్వ్యూలో ఎక్కువ ప్రశ్నలు దాని చుట్టూనే తిరుగుతాయి.