పాత కంప్యూటరు, తొలి తెర, మాతృభాష

తూర్పు కనుమలను దాటి పోయే రాయ్‌పూర్–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తియై, తెలుగు సీమను ఛత్తీస్‌గఢ్ మైదానంతో కలిపినది. రాయ్‌పూర్ నగరంలో హిందీ, ఛత్తీస్‌గఢీలతోపాటు తెలుగు, ఒడియా మాట్లాడే కుటుంబాలు కూడ నివసిస్తున్నవి. ఇటువంటి బహుభాషా నగరంలో ఒక పాఠశాల, మూలపడిన పాత కంప్యూటరును తిరిగి పనిలో పెట్టదలచినప్పుడు రెండు ప్రశ్నలు ఉదయిస్తాయి. ఆ యంత్రాన్ని మేల్కొలపడం ఎట్లు? మేల్కొన్న యంత్రం విద్యార్థిని ఏ భాషలో పలకరిస్తుంది? మొదటిది సాంకేతిక సమస్య. రెండవది సమైక్యతకు సంబంధించినది. రెండింటికీ సమాధానం చాలవరకు ఒకే వస్తువులో ఉన్నది. దానినే బూట్ మాధ్యమం అంటారు.

యంత్రం పాతబడుటకు కారణం

కంప్యూటరు చెడిపోవుట వేరు, పాతబడుట వేరు. యంత్రభాగాలన్నీ సక్రమంగా పనిచేస్తున్నప్పటికీ, వాటిని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌కు తయారీదారుల రక్షణ నిలిచిపోవచ్చును. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల నిల్వ, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం అవసరం. ఇవి లేని యంత్రాలను పారవేయనవసరం లేదు. స్వేచ్ఛగా పంచుకొనదగిన లినక్స్ వ్యవస్థలు వాటిలో అనేకానికి తిరిగి జీవం పోయగలవు. మన దేశంలోనే చెన్నైలోని సీ-డాక్ సంస్థ భారతీయ భాషలను దృష్టిలో ఉంచుకొని రూపొందించిన బాస్ లినక్స్ 2007లో వెలువడినది. దానికి ఆధారం డెబియన్ అనే అంతర్జాతీయ స్వచ్ఛంద కృషి.

బూట్ మాధ్యమం అనగానేమి?

విద్యుత్తు అందిన క్షణంలో కంప్యూటరుకు ఏ వ్యవస్థా తెలియదు. మదర్‌బోర్డుపై ఉండే బయోస్ అనే చిన్న ప్రోగ్రాము మాత్రమే మేల్కొంటుంది. అది డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లను చదివి, చివరి రెండు బైట్లలో నిర్ణీతమైన గుర్తు ఉన్నదా అని చూస్తుంది. గుర్తు కనిపించినచో అక్కడి ఆదేశాలకు అధికారాన్ని అప్పగిస్తుంది. కొత్త యంత్రాలలోని యూఈఎఫ్ఐ, ఆ 512 బైట్లకు బదులు ఒక ప్రత్యేక విభాగంలోని ఫైలును వెదకుతుంది.

మొదట ఈ పనికి 1.44 మెగాబైట్ల ఫ్లాపీలు వాడేవారు. సీడీ నుండి కంప్యూటరును ప్రారంభించే పద్ధతిని నిర్ణయించిన ఎల్ టోరిటో ప్రమాణం 1995లో వచ్చినది. దానితో సుమారు 700 మెగాబైట్ల సీడీ స్థాపన మాధ్యమమైనది. అనంతరం పెన్‌డ్రైవు ఆ స్థానాన్ని ఆక్రమించినది. అయితే కొన్ని పాత బయోస్‌లు పెన్‌డ్రైవు నుండి ప్రారంభం కాలేవు. వాటికి నేటికీ సీడీ లేక డీవీడీయే శరణ్యం.

తయారుచేయు విధానం

మొదట యంత్రాన్ని పరిశీలించవలెను. ప్రాసెసరు 32 బిట్లదా, 64 బిట్లదా? మెమరీ ఎంత? పెన్‌డ్రైవు నుండి ప్రారంభమగునా? ఈ ప్రశ్నలకు జవాబు తెలియకుండ మాధ్యమాన్ని తయారుచేయుట వృథాశ్రమ. 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12లో 32 బిట్ల పీసీలకు స్థాపన ప్రతి కలదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో అది లేదు.

తరువాత, యంత్రంలోని పాత పత్రాలను వేరొకచోట భద్రపరచవలెను. స్థాపన ప్రతిని అధికారిక స్థానం నుండి దింపుకొని, దానితో ప్రకటించిన షా-256 సంఖ్యతో సరిచూడవలెను. ఒక్క బైటు మారినా ఆ సంఖ్య మారిపోతుంది గనుక, అసంపూర్ణమైన ప్రతి ఇక్కడనే బయటపడుతుంది.

ఆపైన ఆ ప్రతిని మాధ్యమంపై వ్రాయవలెను. ఫైలును పెన్‌డ్రైవులో మామూలుగా నకలు చేసినంత మాత్రాన అది బూట్ మాధ్యమం కానేరదు. ప్రారంభపు బైట్లు తమ స్థానంలో ఉండవలెను గనుక, రూఫస్ వంటి సాధనంతోగాని, లినక్స్‌లోని డీడీ ఆదేశంతోగాని మొత్తం ప్రతిని యథాతథంగా ముద్రించవలెను. డ్రైవు పేరును రెండుమార్లు సరిచూచుకొనుట మరువరాదు. పొరపాటున మరొక డిస్కును ఎన్నుకొన్నచో దానిలోని సమస్తమూ తుడిచిపెట్టుకొని పోతుంది.

తొలి తెరపై భాష

మాధ్యమం సిద్ధమై యంత్రం మేల్కొన్నది. తొలి తెర భాషను ఎన్నుకొమ్మని అడుగుతుంది. భారతీయ లిపులలో గుణింతాలు, ఒత్తులు కలిసి అక్షరరూపం మారుతుంది. సాధారణ అక్షరపు తెర దీనిని చూపలేదు. డెబియన్‌లో 2007 నాటి 4.0 ప్రతితో గ్రాఫికల్ స్థాపన ప్రవేశించినందువలన హిందీ వంటి భాషలకు చోటు దొరికినది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన 6.0 ప్రతిలో తెలుగు, కన్నడం ఆ తెరపైకి చేరినవి.

కాని ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. గ్రాఫికల్ తెరకు ఎక్కువ మెమరీ కావలెను. మెమరీ మరీ తక్కువైనచో స్థాపన ప్రోగ్రాము అనువాదాలను విడిచిపెట్టి ఆంగ్లంలోనే సాగుతుంది. అనగా యంత్రం ఎంత పేదదైతే, మాతృభాష అంత దూరమవుతున్నది. పాత యంత్రాలే దిక్కైన పాఠశాలలోని పిల్లలకు ఈ లోటు తగులుతుంది.

ఈ లోటు పూరింపరానిది కాదు. మెమరీ పలకను అదనంగా అమర్చుట మొదటి ఉపాయం. అది వీలుకానిచోట, స్థాపనను ఆంగ్లంలో ముగించి, అనంతరం వ్యవస్థ భాషను, లిపి ఫాంట్లను మార్చుకొనవచ్చును. ఆంగ్లం తెలిసిన ఉపాధ్యాయుడు ఒక గంట శ్రమించినచో, ఆ తరువాత కూర్చుండే విద్యార్థులందరికీ తమ భాష లభిస్తుంది.

ఛత్తీస్‌గఢ్ అనుభవం ఈ విషయంలో ప్రోత్సాహకరం. 2007 నవంబరు 28న రాష్ట్ర శాసనసభ ఛత్తీస్‌గఢీకి రాజభాష ప్రతిపత్తి కల్పించే బిల్లును ఆమోదించినది. రవి రత్లామీ అను పేరుతో ప్రసిద్ధులైన రవిశంకర్ శ్రీవాస్తవ లినక్స్‌లోని కేడీఈ తెరను ఛత్తీస్‌గఢీలోకి అనువదించినారు. వాణిజ్య సంస్థల దృష్టి పడని భాషకు సైతం, దానిని ప్రేమించేవారు పూనుకొన్నచో, కంప్యూటరు తెరపై స్థానం దొరకునని దీనివలన రుజువైనది.

ఒక పెన్‌డ్రైవు తయారుచేయుట అల్పమైన పనిగా తోచవచ్చును. అయినను, పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు విద్యార్థులలో ఒకరు హిందీలోను, మరొకరు తెలుగులోను ఒకే యంత్రాన్ని నడుపగలుగుట ఆ చిన్న పని ఫలితమే. పాఠశాలలు, కళాశాలలు తమ పాత యంత్రాలను తూకానికి అమ్మివేయుటకు ముందు ఒక బూట్ మాధ్యమాన్ని సిద్ధపరచి పరీక్షించుట, ఆ తెరపై తమ విద్యార్థుల భాషలను నిలుపుట ఎంతయు సముచితం.