నడుము నుండి కాలిలోకి దిగే నొప్పి – వెన్నులో ఇచ్చే ఇంజెక్షను

నడుమునొప్పి ఎరుగని ఇల్లు అరుదు. అయితే పిరుదు దగ్గర మొదలై, తొడ వెనుకగా పిక్క మీదుగా పాదం వరకు కరెంటు తగిలినట్లు పాకే నొప్పి వేరు. దీనిని వైద్యులు సయాటికా అంటారు. ఆయుర్వేదంలో దీని పేరు గృధ్రసి. దీనికి వెన్నులో ఇంజెక్షను చేయించుకొమ్మని వైద్యుడు సూచించగానే చాలామంది భయపడతారు. కొందరు ఇక నొప్పి శాశ్వతంగా పోతుందని ఆశపడతారు. ఆ భయానికీ, ఈ ఆశకూ ఎంతవరకు ఆధారమున్నదో పరిశీలిద్దాం.

నడుము భాగంలో 5 కశేరుకలు ఉంటాయి. రెండేసి కశేరుకల నడుమ మెత్తగా డిస్కు ఉంటుంది. దాని పైపొర గట్టిది. లోపలి పదార్థం జిగురువంటిది. బూరె చిట్లి పూర్ణం బయటికి వచ్చినట్లు, పైపొర చీలినపుడు ఆ పదార్థం వెలికి వచ్చి, ప్రక్కనున్న నరం మూలాన్ని నొక్కుతుంది. సయాటికాకు ఇది ముఖ్య కారణమని 1934లో బోస్టన్ శస్త్రవైద్యులు మిక్స్‌టర్, బార్ నిరూపించారు. నొక్కుడు ఒక్కటే కాదు, ఆ పదార్థం వలన నరం చుట్టూ వాపు కూడ కలుగుతుంది. స్టీరాయిడ్ ఇంజెక్షను ఉద్దేశం ఈ వాపును తగ్గించడమే.

ఈ మందును వెన్నుపాములోనికి ఎక్కించరు. పెద్దవారిలో వెన్నుపాము సాధారణంగా మొదటి, రెండవ నడుము కశేరుకల దగ్గరే ముగుస్తుంది. నరాలను కప్పివుంచే పొరకు వెలుపల ఎపిడ్యూరల్ అనే సన్నని చోటు ఉన్నది. మందు అక్కడ చేరుతుంది. 1901లో పారిస్‌లో సికార్, కాథ్‌లాఁ అనే వైద్యులు ఈ చోట కొకెయిన్ ఎక్కించి నొప్పి తగ్గించారు. స్టీరాయిడ్ల వాడకం 1950 దశకంలో మొదలైంది.

రోగిని బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తెరపై చూస్తూ సూదిని నడుపుతారు. సూది సరైన చోట ఉన్నదని రంగుమందుతో నిర్ధారించుకొని తరువాత మందు ఎక్కిస్తారు. చాలామంది ఆనాడే ఇల్లు చేరవచ్చు. కాని ఆ రోజు కారు నడపరాదు. స్టీరాయిడ్ గుణం కనబడటానికి కొన్ని రోజులు పడుతుంది.

మరి ప్రయోజనమెంత? సయాటికాలో కాలినొప్పి కొద్దివారాల పాటు కొంత తగ్గుతుందని పరిశోధనలు తెలుపుతున్నాయి. దీర్ఘకాల లాభం స్పష్టం కాలేదు. వయసుతో వెన్నునాళం ఇరుకైన 400 మందిపై జరిపి 2014లో ప్రకటించిన పరిశోధనలో, మత్తుమందుకు స్టీరాయిడ్ చేర్చడం వలన 6 వారాల నాటికి చెప్పుకోదగిన అదనపు మేలు కనబడలేదు. జారిన డిస్కును ఇంజెక్షను సరిచేయదు. అయితే చాలామందిలో శరీరమే ఆ పదార్థాన్ని క్రమంగా హరించుకుంటుంది. ఈలోగా నడవడానికీ, వ్యాయామం చేయడానికీ కాస్త వెసులుబాటు కల్పించడమే ఇంజెక్షను చేయగల మేలు.

ప్రమాదాలు అరుదే కాని లేకపోలేదు. 2012లో అమెరికాలో కలుషితమైన స్టీరాయిడ్ మందు వలన ఫంగస్ సోకి 60 మందికి పైగా మరణించారు. పక్షవాతం, చూపు పోవడం వంటివి అరుదుగా జరుగుతాయని 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులకు ఈ చికిత్స చేయించేవారు ముఖ్యంగా రెండు విషయాలు గమనించాలి. మధుమేహం ఉన్నవారికి ఇంజెక్షను తరువాత కొన్ని రోజులు రక్తంలో చక్కెర పెరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారికి వెన్నులో రక్తస్రావం జరగవచ్చు. ఆ మందులను వైద్యుని సలహాతోనే ఆపాలి, సొంతంగా ఆపరాదు. అక్కడ వాడే మాత్రల పేర్లు ఇక్కడ వేరుగా ఉంటాయి కనుక, మందుల డబ్బాలనే వైద్యునికి చూపడం మేలు.

మూత్రం బిగబట్టినా, అదుపు తప్పినా, తొడల నడుమ స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా ఇంజెక్షను కోసం వేచివుండక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అటువంటప్పుడు తక్షణ శస్త్రచికిత్స అవసరం కావచ్చు. పెద్దవారు ఈ లక్షణాలను పిల్లల ముందు చెప్పుకోవడానికి సంకోచిస్తారు. కాబట్టి మనమే అడిగి తెలుసుకోవాలి.