కనిపించని పనికి కృతజ్ఞత: అంట్ల తొట్టి చెప్పే పాఠం

రాత్రి భోజనాలయ్యాయి. తొట్టిలో కంచాలు, పప్పు గిన్నె, అడుగంటిన పాలగిన్నె ఉన్నాయి. తెల్లారేసరికి అవన్నీ కడిగి బోర్లించి ఉంటాయి. ఇంట్లో చాలామంది ఆ సంగతి గమనించరు. ఏ రోజైనా అంట్లు అలాగే ఉండిపోతే మాత్రం అందరి కళ్లూ వాటిమీదే పడతాయి. ఇంటిపని చేసినప్పుడు కనిపించదు, చేయనప్పుడే కనిపిస్తుంది. ఎందుకిలా?

మన మెదడు పనిచేసే తీరే ఇందుకు ఒక కారణం. మారకుండా పదే పదే ఎదురయ్యే వాటిని మెదడు క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. గోడ గడియారం చప్పుడు కాసేపటికి వినిపించకపోవడం ఇలాంటిదే. దీన్ని మనస్తత్వ శాస్త్రంలో హ్యాబిచ్యుయేషన్ అంటారు. సుఖసంతోషాల విషయంలోనూ ఇలాగే జరుగుతుందని ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1971లో ప్రతిపాదించారు. కొత్తగా దక్కిన సౌఖ్యం కొన్నాళ్లకు మామూలైపోతుంది. రోజూ కంచంలోకి వచ్చే వేడి అన్నం కూడా అంతే. అలా మామూలైపోయిన దాన్ని మళ్లీ గమనించడంతోనే కృతజ్ఞత మొదలవుతుంది.

గమనిస్తే ఏమవుతుంది?

అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో అంట్లు తోమడం మీదే ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. అందులో 51 మంది విద్యార్థులు పాల్గొన్నారు. కొందరికి గిన్నెలు ఎలా కడగాలో మాత్రమే చెప్పారు. మిగిలినవారిని సబ్బు వాసన, నీటి వెచ్చదనం, చేతికి తగిలే గిన్నె స్పర్శ మీద మనసు పెట్టమన్నారు. మనసు పెట్టి కడిగినవారిలో ఆందోళన 27 శాతం తగ్గిందని, ఉత్సాహం 25 శాతం పెరిగిందని వారి సమాధానాల్లో తేలింది. రెండో బృందంలో అలాంటి మార్పు కనిపించలేదు. ఇది కొద్దిమందితో చేసిన చిన్న ప్రయోగం. పైగా ఒక్కసారి గిన్నెలు కడగడం వేరు, ఏళ్ల తరబడి రోజుకు మూడు పూటలా కడగడం వేరు. అయినా, చేసే పని ఒకటే అయినా దానిమీద మనసు నిలిపే తీరును బట్టి అనుభవం మారవచ్చని ఇది సూచిస్తోంది.

గమనించడం మొదలుపెడితే వంటింట్లో నేర్చుకోవడానికి చాలా ఉంది. ఒకప్పుడు మన ఇళ్లలో గిన్నెలను బూడిదతో తోమేవారు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. అది నీటిలో కలిస్తే క్షార గుణం వస్తుంది. ఆ క్షారం జిడ్డులో కొంత భాగాన్ని సబ్బుగా మారుస్తుంది. బూడిద రేణువులు మసిని గీకేస్తాయి. రాగి, ఇత్తడి పాత్రలకు చింతపండు వాడేవారు. అందులోని టార్టారిక్ ఆమ్లం లోహం మీది నల్లటి ఆక్సైడ్ పొరను కరిగించి మెరుపు తెస్తుంది. ఏ మరకకు ఏది వాడాలో అమ్మమ్మలు, నానమ్మలు అనుభవంతో తెలుసుకుని తర్వాతి తరానికి నేర్పారు. ఆ పనిలో శ్రమతోపాటు జ్ఞానమూ ఉంది.

ఎవరు ఎవరికి చెప్పాలి?

ఇక్కడే జాగ్రత్త అవసరం. ‘పనిలోనే ఆనందం వెతుక్కో’ అన్న సలహా ఎప్పుడూ తోమేవారికే వెళితే, కృతజ్ఞత వారి మీద మరో బరువు అవుతుంది. మన దేశంలో 2019లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వే లెక్కలు చూడండి. అప్పట్లో ఆరేళ్లు, అంతకు పైబడిన వయసున్న ఆడవాళ్లలో 81.2 శాతం మంది జీతం లేని ఇంటిపని చేసేవారు. మగవాళ్లలో ఆ పని చేసేవారు 26.1 శాతం మాత్రమే. అలా చేసేవారిలో కూడా ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించేవారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో గృహిణి శ్రమకు ఆర్థిక విలువ ఉందని చెబుతూ ఈ సర్వేను ప్రస్తావించింది.

సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1989లో వెలువరించిన తన పుస్తకంలో, ఉద్యోగాలు చేసే దంపతుల మధ్య కృతజ్ఞత ఎలా పనిచేస్తుందో వివరించారు. ఒకరు చేసిన పనిని రెండోవారు కానుకగా చూస్తే కృతజ్ఞత పుడుతుంది. బాధ్యతే కదా అనుకుంటే పుట్టదు. భర్త ఒకరోజు గిన్నెలు కడిగితే ఇల్లంతా మెచ్చుకుంటుంది. భార్య ఏడాదంతా కడిగినా ఎవరూ ఏమీ అనరు. చేసిన పని ఒకటే, చూసే చూపులోనే తేడా.

కలిసి జీవిస్తున్న జంటలు రోజూ రాసిన డైరీల ఆధారంగా సారా ఆల్గో బృందం 2010లో ఒక అధ్యయనం ప్రచురించింది. అవతలివారు చేసిన చిన్న సాయానికి కృతజ్ఞత కలిగిన మరుసటి రోజు, సాయం పొందినవారిలోనూ చేసినవారిలోనూ అనుబంధం, సంతృప్తి పెరిగినట్లు అందులో తేలింది. అయితే మంచిమాట ఒక్కటే 299 నిమిషాలను తగ్గించలేదు. పని కళ్లకు కనిపించాక చెయ్యి కూడా కలపాలి.

ఈ వారం చేసి చూడండి

ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఇంట్లో మీకోసం ఇతరులు చేసిన పనులు రోజుకు మూడు రాయండి. ‘వంట చేశారు’ అని కాకుండా ‘రాత్రే మినప్పప్పు నానబోశారు’, ‘ఇస్త్రీకి ఇచ్చిన బట్టలు గుర్తుపెట్టుకుని తెచ్చారు’ అని వివరంగా రాయండి. ఆ పని చేసినవారికి ఆ మాటే చెప్పండి. ఇంట్లో పనిచేసే పనిమనిషినీ మరిచిపోవద్దు. వారం చివర పుస్తకం తిరగేసి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఒకే పేరు పదే పదే కనిపిస్తే, అందులోంచి ఒక పనిని రేపటి నుంచి మీరు అందుకోండి.