అంతర్జాల పాఠముల కోడు – దాని సంరక్షణ

కాలువలు కట్టివేయుట యననేమో కంకిపాటి పిల్లలకు చెప్పనక్కఱలేదు. వేసవియందు నీరు నిలిపి పూడిక తీయుదురు, గుఱ్ఱపుడెక్కను లాగివేయుదురు, తూముల తలుపులు బాగుచేయుదురు. విజయవాడయొద్ద 1855లో ఆనకట్ట పూర్తియైనది. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. వీనిని కట్టించినవారి పేర్లు చరిత్రలో కలవు. పూడిక తీసిన కూలీల పేర్లు మాత్రము లేవు. ఆ పని జరుగనియెడల కాలువ చివరి పొలమునకు నీరందదు. అంతర్జాలమున తరగతులు నడుపు ప్రోగ్రాములకును ఇట్టి పనియే కలదు. దానిని గూర్చి యీ వ్యాసమున వివరింపదలచితిమి.

విద్యార్థులను చేర్చుకొనుట, పాఠములుంచుట, జవాబులు స్వీకరించుట, మార్కులు నమోదు చేయుట – ఇవి యిట్టి ప్రోగ్రాము చేయు పనులు. వీనిలో మిక్కిలి వ్యాపించినది మూడిల్. దీనిని రచించిన మార్టిన్ డౌగియామస్ బాల్యమున పశ్చిమ ఆస్ట్రేలియా యెడారిలో నివసించి, రేడియోద్వారా పాఠములు వినెను. మొదటి సంపూర్ణ కూర్పు 2002 ఆగస్టులో వెలువడినది. కోడును ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును. వెల యేమియు లేదు. అయితే వెల లేదన్నంతమాత్రమున పని లేదని తలంపరాదు.

కోడు ఇనుమువలె తుప్పుపట్టదు గదా, నిన్న నడచినది నేడేల చెడునని విద్యార్థులడుగుదురు. మంచి ప్రశ్నయే. కోడులోని యక్షరములు మారవు. దాని క్రింది నేల మారును. మూడిల్ వ్రాయబడిన పీ.హెచ్.పీ. భాషకు క్రొత్త కూర్పులు వచ్చును. డేటాబేసులు, బ్రౌజర్లు మారును. మూడిల్‌కే యేటికి రెండు పెద్ద కూర్పులు వెలువడుచున్నవి. సామాన్యమైన కూర్పునకు దోషముల సవరణ పండ్రెండు నెలలు, భద్రతకు సంబంధించిన సవరణ పదునెనిమిది నెలలు మాత్రమే లభించును. 2024 అక్టోబరులో వచ్చిన 4.5 వంటి దీర్ఘకాలపు కూర్పునకు భద్రత మూడేండ్లు. లోపమును, దాని సవరణను లోకమునకు ప్రకటించినపుడు దొంగయు దానిని చదువును. కావున సవరణ వచ్చిన పిమ్మట కూడ మార్చుకొననివాడు మునుపటికంటె నెక్కువ యపాయములో నుండును.

ఇక తఱచుగా జరుగు పొరపాటొకటి కలదు. ఒక పాఠశాలవారు మార్కుల పట్టికను తమ పద్ధతిలో చూపవలెనని కోరుదురనుకొందము. తెలివిగల యువకుడొకడు మూడిల్ మూలకోడును తెఱచి పది పంక్తులు మార్చును. పని నెఱవేఱును, అందఱును మెచ్చుకొందురు. కొంతకాలమునకు అతడు ఉద్యోగమునకై హైదరాబాదు వెళ్లును. క్రొత్త కూర్పు వేసినచో ఆ పది పంక్తులు తుడిచిపెట్టుకొని పోవును. అవి యెచ్చట నున్నవో, ఎందులకు వ్రాసెనో చెప్పువారు లేరు. పట్టిక చెడునను భయముచేత పాఠశాలవారు పాత కూర్పునే పట్టుకొని యుందురు. ఆ భయమే తరువాతి గండికి దారి. మూలకోడును ముట్టక, తమ మార్పును ప్లగిన్ అను ప్రత్యేక భాగముగా వ్రాసియుండిన ఈ చిక్కు చాలవఱకు తప్పెడిది. ప్లగిన్‌ను కూడ క్రొత్త కూర్పుతో సరిచూడవలసినదే. కాని చూడవలసిన చోటేదో తెలియును.

మార్పులను గిట్ అను సాధనముతో నమోదు చేయుదురు. ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తి మార్చిరో అది చూపును. ఎందులకు మార్చిరో మాత్రము మనుష్యుడే వ్రాయవలెను. అదియే మిక్కిలి విలువగలది. హాజరుపట్టీలో తప్పుపడిన అంకెను మేము చాకుతో గీకము; అడ్డుగీత గీసి, ప్రక్కన సంతకము చేయుదుము. ఇదియు నట్టిదే.

తెలుగువారమగు మనకు మఱియొక జాగ్రత్త అవసరము. కృష్ణ యను మాట కంటికి రెండక్షరములు. యూనికోడులో అయిదు సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్ల చొప్పున పదునైదు బైట్లు. పేరును ఇరువది బైట్లకు కత్తిరించు కోడు ఇంగ్లీషు పేర్లకు చక్కగా నడచును, మన పిల్లల పేర్లను అక్షరము నడుమ నఱకును. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించినవానికి ఈ దోషము కనబడదు. మూడిల్ 2006లో 1.6 కూర్పుతో యూనికోడునకు మాఱినది. అయినను తరువాత చేర్చుకొను ప్రతి ప్లగిన్‌నూ తెలుగు పేర్లతో పరీక్షింపవలెను. తెరపై కనబడు మాటలను ప్రోగ్రామునుండి విడదీసి భాషాఫైళ్లలో నుంచిరి గనుక, పీ.హెచ్.పీ. రాని తెలుగు పండితుడు కూడ అనువాదమును సవరింపవచ్చును.

మన రాష్ట్రపు పాఠ్యపుస్తకములందలి క్యూఆర్ గుర్తులను చూచియే యుందురు. అవి 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన దీక్షా వేదికకు చెందినవి. గుర్తు క్రింద ఆరు అక్షరముల సంకేతముండును. అచ్చయిన దానిని ఎవరును దిద్దలేరు. లోపలి కోడును ఎన్నిమార్లు తిరుగవ్రాసినను, ఆ ఆరక్షరములు పిల్లవానిని సరియైన పాఠమునకే చేర్చునట్లు చూడవలసిన భారము కోడును కాపాడువారిది.

పాఠశాలలో మూడిల్ నడుపువారు మూడింటికి నకళ్లు తీయవలెను: కోడు, డేటాబేసు, పిల్లలు పంపిన ఫైళ్లుండు మూడిల్‌డేటా. ఒకటి తప్పినను మిగిలిన రెండింటితో తరగతి తిరిగి లేవదు. ఆ నకళ్లను వేఱొక యంత్రముపై నిలిపి, ఒక విద్యార్థి మార్కులు, అతని జవాబు ఫైలు తెఱచి చూడవలెను. క్రొత్త కూర్పును మొదట ఆ యంత్రముపైననే వేసి చూచి, వేసవి సెలవులలో అసలుదానిపై వేయవలెను. పరీక్షల వారములో ఎన్నడును వేయరాదు.