ఎంపరర్ ఏంజెల్ చేప: వయసుతో మారే వర్ణం, మారని గుర్తింపు లక్షణాలు

అలంకార చేపలను రంగును బట్టి గుర్తించడం పరిపాటి. అయితే కొన్ని సముద్ర జాతులలో పిల్లచేపకూ పెద్దచేపకూ వర్ణసామ్యం దాదాపు కనిపించదు. పోమకాంథస్ ఇంపరేటర్ అనే శాస్త్రీయ నామం గల ఎంపరర్ ఏంజెల్ చేప ఇందుకు చక్కని ఉదాహరణ. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం మొదలుకొని పసిఫిక్ దీవుల వరకు పగడపు దిబ్బలలో నివసించే ఈ చేప మన దేశంలో లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల పరిసరాలలో కనిపిస్తుంది.

పిల్లచేప: శరీరం ముదురు నీలం లేదా నలుపు నీలం రంగులో ఉంటుంది. దానిపై తెలుపు, లేత నీలం వంపు గీతలు వరుసగా అమరి, తోక సమీపంలో పూర్తి తెల్లని వలయంగా ముగుస్తాయి.

పెద్దచేప: వలయాలు అంతరించి, శరీరం పొడవునా పసుపు, నీలం చారలు ఒకదాని ప్రక్కన ఒకటి ఏర్పడతాయి. కన్నుల మీదుగా నీలి అంచు గల నల్లని పట్టీ, మొప్పల వెనుక నల్లని మచ్చ, పసుపు రంగు పుచ్ఛవాజం ఉంటాయి. మూతి తెల్లగా ఉంటుంది. చేప గరిష్ఠంగా 40 సెం.మీ. వరకు పెరుగుతుంది.

ఈ భేదం వర్గీకరణ శాస్త్రజ్ఞులను సైతం పొరపాటుకు గురిచేసింది. 1787లో బ్లోఖ్ పెద్దచేపను వర్ణించగా, 1801లో బ్లోఖ్, ష్నైడర్‌ల గ్రంథంలో పిల్లచేప నికోబార్ పేరుతో వేరొక జాతిగా నమోదైంది.

చారల సంఖ్య కూడా స్థిరం కాదు. 1995లో కొండో, అసాయి 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, చేప పెరిగే కొద్దీ చారలు వెడల్పు కావు. ఒక చార చీలిన చోటు క్రమంగా జరుగుతూ క్రొత్త చార ఏర్పడుతుంది. అందువలన చారల మధ్య దూరం ఇంచుమించు ఒకే విధంగా నిలుస్తుంది. కావున చారల లెక్కను జాతి లక్షణంగా స్వీకరించరాదు.

గుర్తింపులో రెండు అంశాలు ప్రధానం. మొదటిది, మొప్ప కప్పు ముందుభాగపు క్రింది మూలలో గల బలమైన ముల్లు. ఇది ఏంజెల్ చేపల కుటుంబ లక్షణం. సీతాకోకచిలుక చేపలలో ఉండదు. రెండవది, పిల్లచేప తోక వద్ద గల పూర్తి వలయం. దీనిని పోలిన సెమిసర్క్యులేటస్ పిల్లలలో గీతలు అర్ధవృత్తాలుగానే ఉండిపోతాయి.

నమూనాల నమోదులో రంగుతోపాటు పొడవు, వయోదశ తప్పక వ్రాయాలి. లేనియెడల ఒకే జాతి రెండుగా లెక్కకు వస్తుంది. అరచేతిలో ఇమిడే నీలి పిల్లచేపను చిన్న తొట్టికై కొనేవారికి అది చేరుకోగల పరిమాణాన్ని ముందుగా తెలియజేయడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.